పప్పు మనకి, జీడి పలాసకి

హైదరాబాదులో ఉద్యోగం మొదలుపెట్టాక ఇప్పటికి మూడు కంపెనీలు మారాను. మూడు చోట్లా నా పరిచయం ఒకేలా జరిగింది.

"ఏ ఊరు మీది?"

"శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర."

"ఓ, జీడిపప్పా! ఈసారి వెళ్తే ఓ రెండు కిలోలు పట్రా బాబూ."

అంతే. సంక్రాంతికి ఊరెళ్ళొస్తే తిరుగు ప్రయాణంలో నా బ్యాగులో బట్టల కంటే పప్పు ప్యాకెట్లే ఎక్కువ. గుండ్లు ఒకరికి, బద్దలు ఒకరికి, బిర్యానీలోకి ముక్కలు ఇంకొకరికి. ఫలక్‌నుమాలో పక్క సీటాయన "మీకు కొట్టుందా?" అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి. నాకేం బాధ లేదు, ఊరి పేరు నలుగురి నోట్లో పడుతోంది కదా అని సంతోషమే. కానీ ఈసారి ఊరెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఆ పప్పు గురించి కాక, దాని చుట్టూ ఉండే తొక్క గురించి ఆలోచించాల్సి వచ్చింది.

మా పిన్ని కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పని చేస్తుంది. ఇరవై ఏళ్ళ నుంచీ అదే పని. మొన్న రేషన్ బియ్యానికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. వేలిముద్ర మిషన్ మీద కుడి బొటనవేలు పెట్టింది, తీసుకోలేదు. చూపుడు వేలు, అదీ లేదు. చీర కొంగుకి తుడుచుకుని ఎడమ చెయ్యి పెట్టింది. పది వేళ్ళూ అయ్యాయి. వెనకాల లైన్లో వాళ్ళు విసుక్కోవడం మొదలెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ పిన్ని మాత్రం తాపీగా నవ్వి, "ఏటి సేత్తాం బావూ, ముద్రలన్నీ పిక్కలు తినేసినాయి" అంది. ఆ రోజుకి బియ్యం లేవు. రెండు రోజుల తర్వాత మా చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళి దాని వేలితో తెచ్చుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నా మొదటి ఉద్యోగంలో నేను పనిచేసింది సరిగ్గా ఇలాంటి వేలిముద్ర లాగిన్ మీదే. "కొంతమంది వినియోగదారుల వేలిముద్రలు పదే పదే ఫెయిల్ అవుతున్నాయి" అని ఒక టికెట్ వచ్చింది. "వేలు సరిగ్గా పెట్టడం లేదు, వినియోగదారులకి శిక్షణ అవసరం" అని రాసి మూసేసింది నేనే. ఆ రోజు మా లీడు మెచ్చుకున్నాడు కూడా. ఆ "కొంతమంది"లో మా పిన్ని లాంటి వాళ్ళు ఉండొచ్చని నాకు తట్టలేదు. పలాసలో పుట్టి పెరిగిన నాకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

సరే, అసలు పిక్కలు వేలిముద్రల్ని ఎలా తినేస్తాయి? దీనికి సమాధానం నేను టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడే నా పుస్తకంలో ఉంది, నాకే తెలీలేదు. ఎంసెట్ కోసం బట్టీ కొట్టిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది: డయీన్‌లు. కార్బన్ గొలుసులో ఒక డబుల్ బాండ్, అంటే ద్విబంధం, ఉంటే ఆల్కీన్. రెండు ఉంటే డయీన్. అందులో మూడు రకాలు. రెండు ద్విబంధాలూ ఒకే కార్బన్ మీద అతుక్కుని ఉంటే ఒక రకం. మధ్యలో ఒక ఏకబంధం వదిలి ఉంటే సంయుగ్మ డయీన్. అంతకంటే దూరంగా ఉంటే వివిక్త డయీన్.

మన పుస్తకాలు రెండో రకం దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే డబ్బంతా అక్కడుంది. బ్యుటాడయీన్ ఆ రకమే. దాన్ని సోడియంతో పాలిమర్ చేస్తే వచ్చిన రబ్బరు కాబట్టి బ్యూనా అని పేరు పెట్టారు. బ్యుటాడయీన్‌తో స్టైరీన్ కలిపితే బ్యూనా-ఎస్, అంటే టైర్ల రబ్బరు. చెట్టు నుంచి వచ్చే రబ్బరు కూడా ఐసోప్రీన్ అనే డయీన్ ముక్కల గొలుసే. 1928లో డీల్స్, ఆల్డర్ అనే ఇద్దరు జర్మన్లు డయీన్‌కి ఇంకో ద్విబంధాన్ని కలిపి ఆరు కార్బన్ల రింగు చేసే పద్ధతిని ప్రచురించారు. 1950లో దానికి నోబెల్ వచ్చింది. మందుల తయారీలో ఇప్పటికీ ఆ పద్ధతి వాడతారు. ఇవన్నీ మార్కుల కోసం చదివాం. ఏదో జర్మనీ సంగతి, ఏదో ముడి చమురు సంగతి అనుకున్నాం. కిటికీలోంచి చూస్తే జీడి పిక్కల బస్తాలతో లారీలు పోతుండేవి. రెండింటికీ సంబంధం ఉందని మాలో ఎవ్వరికీ తెలీదు.

సంబంధం ఏంటంటే, జీడి తొక్కలో తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది. ఆ గదుల్లో గోధుమ రంగు చిక్కటి నూనె ఉంటుంది. పచ్చి తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. దానికి తోడు కార్డోల్, కొంచెం కార్డనాల్. బాగా వేడి చేస్తే అనకార్డిక్ ఆమ్లం తనలోని కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్‌గా మారిపోతుంది. ఈ అణువులన్నిటిదీ ఒకటే ఆకారం. తల ఒక ఫినాల్ రింగు, అంటే మన ఫినాయిల్ బాపతు. తోక పదిహేను కార్బన్ల హైడ్రోకార్బన్ గొలుసు. కొన్ని అణువుల తోకలో ఒక్క ద్విబంధం, కొన్నిటిలో రెండు, కొన్నిటిలో మూడు ఉంటాయి. అసలు లేనివి చాలా తక్కువ. రెండు ఉన్నవి దాదాపు ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా. తలకి ఫినాల్ ఉంది కాబట్టి పుస్తకం లెక్కలో దీన్ని అచ్చంగా హైడ్రోకార్బన్ అనకూడదు. కానీ పని జరిగేదంతా ఆ తోక దగ్గరే.

రెండు ద్విబంధాలున్న తోకలో అవి 8, 11 స్థానాల దగ్గర ఉంటాయి. మధ్యలో ఇరుక్కున్న పదో కార్బన్ మీది హైడ్రోజన్‌కి పట్టు తక్కువ. గాల్లోని ఆక్సిజన్ దాన్ని తేలిగ్గా లాగేస్తుంది. లాగేసిన చోట ఒక అణువు పక్క అణువుతో ముడిపడుతుంది. అలా ముడులు పడుతూ పోతే నూనె కాస్తా బంక అవుతుంది, బంక కాస్తా గట్టి పొర అవుతుంది. అవిసె నూనెతో చేసిన పెయింట్ ఆరేది కూడా ఇలాగే. జీడి ఫ్యాక్టరీల్లో గోడల మీద, నేల మీద, ఆడవాళ్ళ గోళ్ళ సందుల్లో కనిపించే ఎంత తోమినా పోని ఆ నల్లటి మరక ఇదే. సబ్బుతో కడిగితే పోయేది కాదది. అది అప్పటికే చేతి మీద పెయింట్ అయిపోయింది.

చర్మాన్ని తినేయడం ఇంకో సంగతి. పొడుగాటి తోక కొవ్వులో బాగా కలుస్తుంది కాబట్టి చర్మంలోకి తేలిగ్గా దిగుతుంది. లోపలికి వెళ్ళాక ఫినాల్ తల తన పని తాను చేస్తుంది. బొబ్బలు, పొట్టు లేవడం, దురద. జపాన్‌లో లక్క పూతకి వాడే ఉరుషి చెట్టు పాలలోనూ, అమెరికాలో పాయిజన్ ఐవీ అనే తీగలోనూ ఉండే ఉరుషియోల్ దీనికి దగ్గరి చుట్టమే. అక్కడా తల, పొడుగు తోక ఇదే వరస. తోకలో ద్విబంధాలు ఎక్కువయ్యే కొద్దీ దాని అలర్జీ కూడా ఎక్కువవుతుందని ఉరుషియోల్ విషయంలో పరీక్షల్లో తేలింది.

మన భాషకి ఈ సంగతి ముందే తెలుసు. మనవాళ్ళు మొదట జీడి అన్నది నల్లజీడినే, అంటే బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకళ్ళు వాడిన గింజని. దాని రసం పడితే బట్ట మీద మచ్చ పోదు, ఒంటి మీద పడితే పుండు మానదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు బ్రెజిల్ నుంచి ఈ కొత్త చెట్టుని తెచ్చినప్పుడు, కాయ చూస్తే మామిడి బాపతు, పిక్క చూస్తే జీడి బాపతు, అందుకే జీడిమామిడి అన్నారు. మూడూ ఒకే కుటుంబం అని వృక్షశాస్త్రం కూడా అదే చెప్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకి చాకలి గుర్తు ఉన్న చోట మెడ మీద పొక్కులొస్తే, అమెరికన్ డాక్టర్లు 1943లో దాని మీద వ్యాసం రాశారు. సైనికుడి మెడ మీద రూపాయి బిళ్ళంత దద్దుర్లకి వైద్య పత్రిక కదిలింది. మా పిన్ని పది వేళ్ళ గురించి మాత్రం నా టికెట్లో "శిక్షణ అవసరం" అని ఉంది.

ఇంతవరకూ చెప్పింది నష్టం సంగతి. ఇదే నూనె ఎంత విలువైనదో కూడా చెప్తేనే నా వాదన పూర్తవుతుంది.

ఏ గుణం వల్ల ఆ నూనె పిన్ని చేతికి అతుక్కుని గట్టిపడుతుందో, అదే గుణం కోసం ప్రపంచం దాన్ని కొనుక్కుంటుంది. మోర్టిమర్ హార్వే అనే అమెరికన్ 1920లు, 30లలో జీడి తొక్క నూనెతో రెసిన్లు చేసి పేటెంట్ల మీద పేటెంట్లు తీసుకున్నాడు. కార్డనాల్‌ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి గట్టిపరిచి పొడి చేస్తే వచ్చేదాన్ని బ్రేక్ లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో కలుపుతారు. బ్రేకు వేడెక్కినా పట్టు తప్పకుండా, కీచుమనకుండా ఉండటానికి. టైరులో బ్యుటాడయీన్, బ్రేకులో జీడి. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మన ప్రాణం ఆధారపడేది ద్విబంధాల మీదే అన్నమాట :)

ఇంకోటి, ఓడల పెయింట్లు. కార్డనాల్‌కి ఫార్మాల్డిహైడ్, అమీన్ కలిపితే ఫినాల్కమీన్ అనే గట్టిపరిచే పదార్థం వస్తుంది. మామూలు ఎపాక్సీ పెయింట్ చలిలో, తడిలో సరిగ్గా ఆరదు. ఇది కలిపితే చల్లటి, చెమ్మగిల్లిన ఉక్కు మీద కూడా ఆరుతుంది, ఎందుకంటే ఆ పొడుగు తోక నీటిని దగ్గరికి రానివ్వదు. మన దేశపు తీరాల్లో పడవల చెక్కకీ, వలలకీ జీడి నూనె పూసే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. వాళ్ళు పచ్చిగా పూసినదాన్నే వీళ్ళు శుద్ధి చేసి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. టెక్కలికి దగ్గర్లోని మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేపు అక్కడికి వచ్చే ఓడల అడుగున పూసిన రంగులో జీడి ఉండొచ్చు. ఉద్దానం జీడే అయ్యుండొచ్చు. కానీ డబ్బా మీద పలాస పేరు మాత్రం ఉండదు.

కొత్త కెమిస్ట్రీ కూడా ఆగలేదు. మెటాథెసిస్ అని ఒక పద్ధతుంది, 2005లో నోబెల్ వచ్చింది. ద్విబంధం దగ్గర అణువుల్ని విడగొట్టి, జంటలు మార్చి కలపడం. మూడు ద్విబంధాలున్న కార్డనాల్ మీద దీన్ని ప్రయోగిస్తే తోక చివరి భాగం మెలిక తిరిగి ఆరు కార్బన్ల రింగుగా ఊడొస్తుంది. దాని పేరు 1,4-సైక్లోహెక్సాడయీన్. ఇది మాత్రం పుస్తకం ప్రకారం కూడా అచ్చమైన డయీన్. ప్రయోగశాలల్లో వేరే అణువులకి హైడ్రోజన్ అందించడానికి వాడతారు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో కోల్-హామిల్టన్ బృందం, టాంజానియా శాస్త్రవేత్తలతో కలిసి, ఈ దారిలోనే జీడి నూనె నుంచి త్సెత్సే ఈగల్ని ఆకర్షించే రసాయనం తయారుచేసి 2012లో ప్రచురించింది. ఆఫ్రికాలో నిద్రజబ్బు తెచ్చే ఈగల్ని బోనుల్లో పట్టడానికి. జీడి పండించే దేశం తన తొక్కతో తన ఈగకి మందు వెతుక్కుంది. ఇది చదివినప్పుడు నిజంగా అసూయ కలిగింది. టాంజానియా పిక్కలు మన పలాసకీ వస్తాయి. వాళ్ళ పిక్క వచ్చింది గానీ వాళ్ళ ఆలోచన రాలేదు.

ఇప్పుడు లెక్కకొద్దాం. జీడి వ్యాపారంలో కొలమానం 80 కిలోల బస్తా. బస్తాకి పప్పు ఎంత దిగుతుందో చూసే ధర కడతారు. మంచి పిక్క అయితే సుమారు ఇరవై కిలోల పప్పు. ఆ పప్పుని గ్రేడు చేస్తారు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగేది, డబ్ల్యూ 180 అంటే అంతకంటే పెద్దవి. ఇంత సూక్ష్మంగా కొలుస్తాం. మిగతా బరువులో చాలా భాగం తొక్క. దాంట్లో గానుగ ఆడి తీసే నూనె సుమారు పది కిలోలు. పలాసలో తొక్క నూనె ఆడే మిల్లులు ఉన్నాయి, లేవని అనను. కానీ తీసిన ముడి నూనె పీపాల్లో బయటి ఊళ్ళకి పోతుంది, లేదా కొలిమిలో ఆయిల్‌కి బదులుగా మండిపోతుంది. దాన్ని వాక్యూమ్‌లో బట్టీ పట్టి కార్డనాల్ వేరుచేసే పని, దాంతో రెసిన్, ఎపాక్సీ సరుకు తయారుచేసే పని వేరే చోట జరుగుతుంది. ఉదాహరణకి, ఈ రంగంలో పేరున్న అమెరికన్ కంపెనీ కార్డొలైట్ మన దేశంలో ప్లాంటు పెట్టింది మంగళూరులో. వాళ్ళని తప్పు పట్టడం లేదు. అక్కడ పోర్టుంది, అక్కడ జీడి ఉంది, పెట్టుకున్నారు. రెండొందలకు పైగా జీడి ఫ్యాక్టరీలున్న ఊరు తనని తాను పప్పు ఊరు అని మాత్రమే ఎందుకు అనుకుంటోంది అన్నదే నా ప్రశ్న.

రైతు సంగతీ అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. వజ్రపుకొత్తూరు, మందస వైపు వెళ్తే ఎన్నో ఏళ్ళ చెట్లు వేళ్ళతో సహా లేచిపోయి ఉండేవి. కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటి రైతుకి పిక్కలో ఉన్న రెండు సరుకుల్లో ఒకదానికే ధర కడుతున్నాం. రెండోదాన్ని బస్తాలో ఉచితంగా కలిపి ఇచ్చేస్తున్నాడు.

ఇక మనోళ్ళు చెప్పే అభ్యంతరాలు. ఇంట్లో ఈ విషయం ఎత్తితే నాకు వచ్చినవే రాస్తున్నాను.

మొదటిది, "గ్లవుజులు ఇచ్చినా ఆడవాళ్ళే వేసుకోరు." పిన్నినే అడిగాను. "ఏసుకుంతే పిక్క జారిపోద్ది, కిలోలు తగ్గిపోతాయి. కిలోలు తగ్గితే కూలి తగ్గిపోద్ది గదా" అంది. అందుకే ఆముదమో కొబ్బరి నూనెనో, అదీ లేకపోతే బూడిదో రాసుకుని కూర్చుంటారు. అంటే ఇది అవగాహన లేకపోవడం కాదు, కూలి లెక్క కట్టే పద్ధతి. కిలోకి ఇంత అని ఇస్తూ, కిలోలు తగ్గించే గ్లవుజు వేసుకోమంటే ఎవరు వేసుకుంటారు? నెలకి ఇన్ని టికెట్లు మూయాలని టార్గెట్ పెట్టి, నాణ్యత కూడా చూడమంటే మనం ఏం చేస్తామో మనకి తెలీదా? గ్లవుజు వేసుకున్న చేతికి కిలో రేటు కాస్త ఎక్కువ పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

రెండోది, "ఆటోమేటిక్ కటింగ్ మిషన్లు వచ్చేస్తున్నాయి, ఇంక చేతులు కాలవు." నిజమే. వియత్నాం ఆ మిషన్లతోనే ముందుకెళ్ళింది. కానీ మిషన్ వస్తే చేతులతో పాటు కూలీ కూడా పోతుంది. ఇరవై ఏళ్ళు చర్మం ఇచ్చిన మనిషికి చివర్లో "ఇంక నువ్వు అక్కర్లేదు" అని చెప్పడం పరిష్కారం అని నేను అనుకోను. పప్పు తీసే పని తగ్గిపోయే రోజుకి తొక్క మీద పని పెరిగి ఉండాలి. ఆ పని ఇప్పట్నుంచే మొదలుపెట్టకపోతే ఊరికి రెండూ ఉండవు.

మూడోది అన్నిటికంటే బరువైనది. "మళ్ళీ కెమికల్ ఫ్యాక్టరీయా? మా ప్రాంతానికి వద్దు." ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోలేను. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో టెక్కలి దగ్గర కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. ఉద్దానం జనం ఫ్యాక్టరీ అంటే భయపడటానికి వాళ్ళకి కారణాలున్నాయి. అందుకే నేనడిగేది వేల ఎకరాల ప్రాజెక్టు కాదు. తొక్క ఎలాగూ పలాసలోనే ఉంది, కాలుస్తున్నదీ పలాసలోనే, ఆ పొగ పీలుస్తున్నదీ పలాసే. దాన్ని ఊళ్ళోని ఫ్యాక్టరీలు కలిసి ఒక్క చోట, పొగకీ వ్యర్థాలకీ లెక్క చెప్పే పద్ధతిలో శుద్ధి చేసుకోవడం అడుగుతున్నాను. పక్కనే ఒక చిన్న ప్రయోగశాల. ఏ బస్తా నూనెలో కార్డనాల్ ఎంత ఉందో, తోకలో ద్విబంధాలు ఎన్నున్నాయో చెప్పగలిగితే చాలు, ముడి సరుకు గ్రేడ్ ఉన్న సరుకు అవుతుంది. పప్పుకి డబ్ల్యూ 320 అని కొలిచి అమ్మడం వచ్చినవాళ్ళకి నూనెకి కొలిచి అమ్మడం రాదా? హైదరాబాదులో ఐఐసీటీ ఉంది, తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాలలో కార్డనాల్ పాలిమర్ల మీద దశాబ్దాల పని జరిగింది. విద్య మన దేశంలోనే ఉంది, మన జిల్లాకి రాలేదు.

ఉద్దానం అనగానే చాలామంది కిడ్నీ జబ్బు గురించి అడుగుతారు. దానికీ జీడి నూనెకీ ముడిపెట్టి నేను ఒక్క మాట కూడా అనను. కారణం ఇదీ అని ఎవరూ తేల్చని విషయంలో ఊహలు రాస్తే జనానికి భయం మిగులుతుంది. చేతి మీద కనిపించే జబ్బుకి కారణం మాత్రం ఎప్పుడో తేలిపోయింది. తేలినదానికైనా ఏదో ఒకటి చెయ్యాలి కదా.

ఇక మన సంగతి, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి. కార్డనాల్ బట్టీ పెట్టడం మన చేతుల్లో లేదు. కానీ వేలిముద్ర మిషన్ వెనకాల ఉన్న ప్రోగ్రాం మన చేతుల్లోనే ఉంది. పది వేళ్ళూ ఫెయిలైతే తర్వాత ఏం జరగాలి అన్నది డిజైన్‌లో మొదటి రోజే రాయాల్సిన ప్రశ్న. ఆఖర్న "అరుదైన కేసు" అని పక్కన పెట్టేది కాదు. జీడి కోసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, వీళ్ళందర్నీ కలిపితే అరుదు అనే మాట సరిపోతుందా? కనుపాప చూడటమో, ఫోనుకి నంబరు పంపడమో ఉండాలి. ఏదీ కుదరకపోతే అక్కడున్న మనిషి సంతకం పెట్టి ఇచ్చే దారి ఉండాలి. ఆ దారి వాడినందుకు ఆ మనిషికి మెమో రాకూడదు. ఫెయిలైన ప్రతిసారీ అది ఎక్కడ జరిగిందో లెక్కపెడితే, పలాస మ్యాపు మీద ఎర్రగా వెలిగి ఉండేది. ఏ సర్వే అక్కర్లేకుండా ఏ ఊళ్ళో ఏ పని మనుషుల చర్మాన్ని తింటోందో మన లాగుల్లోనే కనపడేది. మనం ఆ లాగుల్ని ముప్పై రోజులకోసారి తుడిచేస్తున్నాం.

పైచర్మం మళ్ళీ పుడుతుంది కాబట్టి కొన్ని వారాలు పని మానేస్తే గీతలు తిరిగి కనిపించొచ్చు. ఈ మాట పిన్నితో అన్నాను. "పని మానేత్తే ముద్రలొత్తాయి సరే, బియ్యం కొనుక్కోడానికి డబ్బులెవరిత్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

వచ్చేటప్పుడు మామూలుగానే మూడు కిలోల పప్పు తెచ్చాను. ఆఫీసులో పంచిపెట్టాను, బావుందన్నారు. ఈసారి "ఓ, జీడిపప్పా!" అన్నవాళ్ళకి దాని తొక్క గురించి కూడా చెప్తున్నాను. కొందరు వింటున్నారు, కొందరు ఫోన్ చూసుకుంటున్నారు. పాత కంపెనీలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి ఆ టికెట్ మళ్ళీ తెరిపించమని అడిగాను. "అది మూసేసి ఐదేళ్ళైంది రా, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఎందుకో మొత్తం చెప్పాను. కాసేపు ఆగి, "నంబరు పంపు" అన్నాడు. పంపాను.